చర్యానంతర సమీక్ష

చర్యానంతర సమీక్ష అనగా ఒక బృందం ఒక శిక్షణాభ్యాసాన్ని గానీ, అసలు పనిని గానీ ముగించిన వెంటనే సభ్యులందరూ ఒకచోట కూర్చుని ఏమి జరగాలని అనుకున్నారో, నిజానికి ఏమి జరిగిందో, అలా ఎందుకు జరిగిందో, మరుసటిసారి ఏమి చేయాలో తమలో తామే చర్చించుకొనే పద్ధతి. ఆంగ్లంలో దీనిని ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ అనీ, సంక్షిప్తంగా ఎ.ఎ.ఆర్. అనీ అంటారు. 1970వ దశకంలో అమెరికా సైనిక శిక్షణలో రూపుదిద్దుకొన్న ఈ పద్ధతి తరువాతి కాలంలో విమానయానం, అడవిమంటల నివారణ, వైద్యం మొదలైన రంగాలకు వ్యాపించింది.

పనితీరును గురించి పనిచేసినవారికి తిరిగి తెలియజేసే సమాచారాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. విద్యాశాస్త్ర గ్రంథాలలో దీనికి ప్రతిపుష్టి, పరిపుష్టి వంటి పదాలు కనిపిస్తాయి కానీ వాడుకలో ఫీడ్‌బ్యాక్ అన్న మాటే ఎక్కువ. తప్పు ఎత్తిచూపితే చాలు, మనిషి దిద్దుకొంటాడన్నది సాధారణంగా ఉన్న నమ్మకం. పరిశోధనలు ఈ నమ్మకాన్ని పూర్తిగా బలపరచలేదు. కొన్ని రకాల ఫీడ్‌బ్యాక్ వలన పనితీరు మెరుగుపడకపోగా తగ్గిపోతుందని కూడా తేలింది. చర్యానంతర సమీక్షలోని నియమాలు చాలావరకు ఈ ప్రమాదాన్ని తప్పించడానికి ఏర్పడినవే.

చరిత్ర

ఈ పద్ధతికి ముందు సైనిక విన్యాసాల చివర "క్రిటిక్" అనే కార్యక్రమం ఉండేది. విన్యాసాన్ని పరిశీలించిన పై అధికారి ముందు నిలబడి ఎవరెవరు ఏయే తప్పులు చేశారో చెప్పేవాడు. మిగిలినవారు వినేవారు. ఎవరు ఎవరిని కాల్చారో తేల్చడానికి అంపైర్లు ఉండేవారు. కాల్పులు ఉత్తుత్తివి కాబట్టి అంపైరు తీర్పు మీద వాదోపవాదాలు తప్పేవి కావు. "నేనే ముందు కాల్చాను" అన్న తగాదాతోనే సమయం గడిచిపోతే నేర్చుకొనడానికి మిగిలేది తక్కువ.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనిక చరిత్రకారుడు ఎస్.ఎల్.ఎ. మార్షల్ మరొక మార్గం చూపాడు. 1943 నవంబరులో పసిఫిక్ మహాసముద్రంలోని మాకిన్ దీవిలో జరిగిన పోరు తరువాత, అందులో పాల్గొన్న సైనికులను గుంపుగా కూర్చోబెట్టి జరిగినదాన్ని వరుసగా చెప్పించాడు. ఒక్కొక్కరికి తెలిసింది ఒక్కొక్క ముక్క మాత్రమే. అందరి మాటలూ కలిపినప్పుడే పోరు మొత్తం ఎలా జరిగిందో బయటపడింది. ఆ సమావేశంలో హోదా అడ్డు రాకూడదని, అధికారి చెప్పినదాన్ని మామూలు సిపాయి కూడా సరిదిద్దవచ్చునని మార్షల్ నియమం పెట్టాడు. 1947లో వెలువడిన తన గ్రంథంలో అతడు సైనికులలో తుపాకీ పేల్చినవారి నిష్పత్తి గురించి ఇచ్చిన లెక్కలకు తగిన ఆధారాలు లేవని తరువాతి చరిత్రకారులు విమర్శించారు. లెక్కల మాట ఎలా ఉన్నా, గుంపుగా కూర్చుని జ్ఞాపకాలను పోల్చి చూసుకొనే పద్ధతి మాత్రం నిలిచింది.

వియత్నాం యుద్ధం రెండవ ప్రేరణ. 1968 వరకు గగనతల పోరాటాలలో అమెరికా నౌకాదళం తాను కోల్పోయిన ఒక్కొక్క విమానానికి రెండు, మూడు శత్రు విమానాలను మాత్రమే కూల్చగలిగింది. దీనిపై కెప్టెన్ ఫ్రాంక్ ఆల్ట్ నాయకత్వంలో జరిగిన విచారణ ఫలితంగా 1969లో "టాప్ గన్" అనే పేరుతో ప్రసిద్ధి చెందిన పాఠశాల ఏర్పడింది. ఇక్కడ శిక్షకులు శత్రువుల వలె విమానాలు నడిపి పైలట్లతో తలపడేవారు. నేలకు దిగిన తరువాత ఆ పోరాటాన్ని క్షణక్షణం తిరిగి గీసి చర్చించేవారు. యుద్ధపు చివరి సంవత్సరాలలో నౌకాదళపు నిష్పత్తి పన్నెండుకు ఒకటి వరకు పెరిగింది. అదే కాలంలో వాయుసేన నిష్పత్తిలో అంతటి మార్పు రాలేదు. ఆయుధాలు, శత్రువుల పరిస్థితి కూడా మారాయి కనుక ఈ పెరుగుదలనంతా శిక్షణకే కట్టబెట్టలేము. అయినా శిక్షణా విభాగాలపై దీని ప్రభావం చాలా బలమైనది.

ఇదే ఫలితాన్ని పదాతిదళంలో ఎలా సాధించాలన్న ప్రశ్న వచ్చింది. 1970వ దశకంలో పాల్ గోర్మన్ మొదలైన శిక్షణాధికారులు, సైన్యానికి చెందిన పరిశోధనా సంస్థ నిపుణులు కలిసి ఒక చవకైన ఉపాయం ప్రయోగించారు. ప్రతి సైనికుడి శిరస్త్రాణం మీద ఒక అంకె వేసి, తుపాకులకు చిన్న దూరదర్శినులు బిగించారు. ఎదుటివాడి అంకెను దూరదర్శినిలో చదవగలిగితే అతడు గురి తప్పలేదన్నమాట. ఖాళీ తూటా పేల్చి ఆ అంకె చెప్పగానే పర్యవేక్షకుడు రేడియోలో రెండవ పక్షానికి తెలిపేవాడు, ఆ అంకె గల సైనికుడు ఆట నుండి తప్పుకొనేవాడు. దీనితో అంపైర్ల తీర్పుతో పని లేకుండా పోయింది. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి జరిగింది. అభ్యాసం ముగిశాక సైనికులు తమంతట తామే "నన్ను ఎవరు కొట్టారు? ఎక్కడి నుండి చూశావు?" అని అడుగుకోవడం మొదలుపెట్టారు. అధికారి ఉపన్యాసానికి బదులుగా ఈ మాటలనే క్రమపద్ధతిలో నడిపిస్తే సరిపోతుందని శిక్షకులు గ్రహించారు.

1980 ప్రాంతంలో దూరదర్శినుల స్థానంలో లేజరు కిరణాలతో పనిచేసే మైల్స్ అనే పరికరాలు వచ్చాయి. అదే సమయంలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని మొహావీ ఎడారిలో, ఫోర్ట్ ఇర్విన్ వద్ద జాతీయ శిక్షణా కేంద్రం నెలకొల్పబడింది. 2,500 చదరపు కిలోమీటర్లకు పైబడిన ఈ ప్రదేశంలో వచ్చిన ప్రతి దళం, అక్కడే స్థిరంగా ఉంటూ సోవియట్ యుద్ధతంత్రంలో ఆరితేరిన "ప్రత్యర్థి దళం"తో తలపడేది. వచ్చినవారు ఓడిపోవడమే ఎక్కువ. ప్రతి నకిలీ యుద్ధం తరువాత చిన్న దళం మొదలుకొని బెటాలియన్ వరకు అన్ని స్థాయిలలోను సమీక్షలు జరిగేవి. తన కింది సిపాయిల సమక్షంలో "నా ఆజ్ఞ మీకు అర్థం కాలేదని నాకు ఇప్పుడే తెలిసింది" అని అధికారి ఒప్పుకోవలసి రావడం సైన్యపు అలవాట్లకు పూర్తిగా విరుద్ధం. తొలి రోజులలో దీనికి వ్యతిరేకత రావడంలో ఆశ్చర్యం లేదు. 1993లో సైన్యం ఈ పద్ధతిని వివరిస్తూ నాయకుల కోసం ఒక మార్గదర్శిని ప్రచురించింది. ఇతర రంగాలవారు ఎక్కువగా ఉపయోగించుకొన్నది ఈ పుస్తకాన్నే.

సమీక్ష జరిగే తీరు

సమీక్ష నాలుగు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఏమి జరగాలని అనుకున్నాము? ఏమి జరిగింది? ఎందుకు తేడా వచ్చింది? వచ్చేసారి దేనిని నిలుపుకోవాలి, దేనిని మార్చుకోవాలి? సమయంలో సగం వరకు చివరి ప్రశ్నకే కేటాయించాలన్న సూచన వాడుకలో ఉంది. ఆచరణలో మాత్రం రెండవ ప్రశ్న దగ్గరే సమయమంతా కరిగిపోవడం పరిపాటి.

సమీక్షను నడిపే వ్యక్తిని సంధానకర్త అనవచ్చు. అతడు తీర్పు చెప్పడు. ప్రశ్నలు అడుగుతాడు, మాట్లాడనివారిని మాట్లాడిస్తాడు, చర్చ వ్యక్తుల మీదికి పోతే పని మీదికి మళ్ళిస్తాడు. "ఔను", "కాదు" అని ముగించడానికి వీలుకాని ప్రశ్నలే అతని ప్రధాన సాధనం. హోదాలో పెద్దవాడు మొదట మాట్లాడితే మిగిలినవారు దానికి తల ఊపడం తప్ప చేసేదేమీ ఉండదు కనుక చిన్నవారిని ముందుగా మాట్లాడనివ్వడం మంచి ఆచారం. సీనియర్ల ముందు జూనియర్లు నోరు విప్పడం మర్యాద కాదని భావించే మన కళాశాలల వంటి చోట్ల ఈ నియమం లేకపోతే సమీక్ష జరగనట్లే లెక్క.

ఉదాహరణకు, ఒక కళాశాల వసతిగృహంలో అగ్నిప్రమాద అభ్యాసం జరిగిందనుకొందాం. గంట మోగిన నాలుగు నిమిషాలలో అందరూ మైదానంలోకి చేరాలని నిర్ణయించారు. ఏడు నిమిషాలు పట్టింది. వెనుక మెట్ల వద్ద ఉన్న ఇనుప గేటుకు తాళం వేసి ఉండటంతో రెండవ అంతస్తువారు వెనుదిరిగి ముందు మెట్ల వైపు వచ్చారు, అక్కడ తొక్కిసలాట అయింది. వార్డెన్ తాళంచెవి ఉన్న విద్యార్థిని నిలబెట్టి "ఇంత నిర్లక్ష్యమా? నీ వల్లే అందరూ ఇరుక్కున్నారు" అని మందలించి పంపివేస్తే అభ్యాసం అక్కడితో ముగుస్తుంది. ఆ విద్యార్థి వచ్చేసారి తాళంచెవి తీసుకొనడానికే ఒప్పుకోకపోవచ్చు.

అదే సంఘటనను సమీక్షగా నడిపితే సంభాషణ వేరుగా సాగుతుంది. "గంట మోగినప్పుడు నువ్వు ఎక్కడ ఉన్నావు?" అని అడిగితే, తాను భోజనశాలలో ఉన్నానని, ముందు ద్వారం దగ్గర లెక్క చూసే పని కూడా తనకే అప్పగించారని ఆ విద్యార్థి చెబుతాడు. ఒకే మనిషికి ఒకే సమయంలో రెండు చోట్ల పని పెట్టారన్న సంగతి అప్పుడు తెలుస్తుంది. వెనుక గేటు దగ్గరి గదిలో ఉండే మరొకరు "ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో నాకు ఇంతవరకు తెలియదు, తెలిస్తే నేనే తీసేవాణ్ణి సార్" అంటాడు. తాళంచెవిని గేటు పక్క గదిలోనే ఉంచాలని, ఆ గదివారిలో ఇద్దరికి బాధ్యత ఇవ్వాలని, పదిహేను రోజులలో మళ్ళీ అభ్యాసం చేయాలని నిర్ణయిస్తారు. మొదటి అంతస్తువారు ఎందుకు తొందరగా బయటపడ్డారన్నది కూడా అడగాలి. వారు గదుల వారీగా లెక్కపెట్టుకొని వచ్చారని తెలిస్తే ఆ పద్ధతిని మిగిలిన అంతస్తులు తీసుకోవచ్చు. రెండు సందర్భాలలోను జరిగిన తప్పు ఒక్కటే. మందలింపులో అది ఒక విద్యార్థి స్వభావంగా మారిపోయింది, సమీక్షలో మాత్రం అది సరిదిద్దదగిన ఏర్పాటుగా బయటపడింది.

పరిశోధనలు

ఫీడ్‌బ్యాక్ ఫలితాలపై ఎక్కువగా ప్రస్తావించబడే అధ్యయనాన్ని 1996లో ఎవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనీసీ ప్రచురించారు. అంతకు ముందు జరిగిన ప్రయోగాల నుండి 607 ఫలితాలను సేకరించి వారు లెక్కగట్టారు. సగటున ఫీడ్‌బ్యాక్ పనితీరును మెరుగుపరచిన మాట నిజమే. కానీ మూడవ వంతుకు పైగా సందర్భాలలో పనితీరు తగ్గింది. వారి వివరణ ప్రకారం ఫీడ్‌బ్యాక్ వినేవాని దృష్టిని ఎటు మళ్ళిస్తుందన్నదే కీలకం. దృష్టి పని మీద, పని చేసే తీరు మీద నిలిస్తే మేలు జరుగుతుంది. "నేను ఎలాంటివాణ్ణి, వీళ్ళు నన్ను గురించి ఏమనుకుంటున్నారు" అన్న ఆలోచన వైపు మళ్ళితే మనసు ఆత్మరక్షణలో పడి పని వెనుకబడుతుంది. విమర్శతో పాటు పొగడ్తకు కూడా ఇది వర్తిస్తుందన్నది గమనించదగిన విషయం. "నువ్వు చాలా తెలివైనవాడివి" అన్న మాటలో పని గురించిన సమాచారమేమీ లేదు.

విజయాలను కూడా సమీక్షించాలా అన్న ప్రశ్నకు ఇజ్రాయెల్ పరిశోధకులు ష్మూయెల్ ఎల్లిస్, ఇన్‌బార్ డేవిడీ 2005లో సమాధానమిచ్చారు. దారి కనుగొనే అభ్యాసాలు చేస్తున్న సైనికులలో ఒక జట్టు ప్రతిసారీ వైఫల్యాలను మాత్రమే చర్చించింది. మరొక జట్టు వైఫల్యాలతో పాటు సఫలమైన అంశాలను కూడా చర్చించింది. రెండవ జట్టు ఎక్కువ మెరుగుపడింది. బాగా జరిగినదానికి కారణం తెలియకపోతే అది మరుసటిసారి జరుగుతుందన్న భరోసా లేదు.

2013లో స్కాట్ టానెన్‌బామ్, క్రిస్టఫర్ సెరాసోలి అంతవరకు జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి, పద్ధతి ప్రకారం సమీక్షలు జరుపుకొన్న వ్యక్తులు, బృందాల పనితీరు సమీక్షలు లేనివారికన్నా సగటున 20 నుండి 25 శాతం మెరుగుగా ఉన్నదని అంచనా వేశారు. ఖర్చు దాదాపు లేని ఒక అలవాటుకు ఇది పెద్ద ఫలితమే.

విమానయానంలో

1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరానికి చేరుకుంటున్న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 173వ నంబరు విమానంలో చక్రాలు దిగినప్పుడు అసాధారణమైన శబ్దం వచ్చింది. చక్రాలు సరిగా బిగుసుకొన్నాయో లేదో తేల్చుకొనడానికి కెప్టెన్ దాదాపు గంటసేపు విమానాన్ని గాలిలోనే తిప్పాడు. ఈలోగా ఇంధనం అయిపోతున్నది. పక్కనున్న ఇద్దరు సిబ్బంది ఆ సంగతి ప్రస్తావించారు, కానీ ప్రాణాపాయం ముంచుకొస్తున్నదని కెప్టెన్‌కు తెలిసేటంత గట్టిగా చెప్పలేదు. ఇంజన్లు ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయి విమానం నగర శివారులో కూలింది. 189 మందిలో పదిమంది మరణించారు. వారిలో ఆ విమానపు ఫ్లైట్ ఇంజనీరు ఒకడు. ఇంధనం గురించి కెప్టెన్ పట్టించుకోకపోవడాన్ని విచారణ సంస్థ ప్రధాన కారణంగా పేర్కొని, మిగిలిన ఇద్దరు తమ ఆందోళనను సమర్థంగా చెప్పలేకపోవడాన్ని కూడా తోడు చేసింది.

ముగ్గురికీ విమానం నడపడం బాగా తెలుసు. లోపించినది ముగ్గురూ ఒక బృందంగా పనిచేయడం. 1979లో నాసా ఈ అంశంపై ఒక సదస్సు జరిపింది. 1981లో యునైటెడ్ సంస్థ తన పైలట్లకు తరువాత "సి.ఆర్.ఎం."గా పేరుపొందిన బృంద శిక్షణను ప్రారంభించింది. ఇందులో సిబ్బంది అంతా కలిసి సిమ్యులేటరులో ఒక పూర్తి ప్రయాణాన్ని నడుపుతారు. మధ్యలో చిక్కులు ఎదురవుతాయి, శిక్షకుడు మాత్రం జోక్యం చేసుకోడు. ముగిసిన తరువాత వీడియో చూస్తూ తమ మాటలను, మౌనాన్ని తామే విశ్లేషించుకొంటారు. చర్చ అయ్యాక ఆ వీడియోను చెరిపివేయడం ఆనవాయితీ. అది ఉద్యోగ నివేదికలోకి ఎక్కదన్న నమ్మకం లేకపోతే ఎవరూ నిజం మాట్లాడరు.

నాసా పరిశోధకులు 1990వ దశకంలో ఇటువంటి చర్చలను పరిశీలించినప్పుడు ఒక లోపం కనిపించింది. సిబ్బందిచేత మాట్లాడించవలసిన శిక్షకులే ఎక్కువ భాగం మాట్లాడుతున్నారు. ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగకుండా తామే చెప్పివేసేవారు కూడా ఉన్నారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ బలహీనత కొత్తది కాదు.

1989 జూలై 19న మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ దెబ్బతిన్న యునైటెడ్ 232వ నంబరు విమానాన్ని సూ సిటీ వరకు తీసుకురాగలిగిన కెప్టెన్ ఆల్ హేన్స్, ఆ ఘనత తనది కాదని, సిబ్బంది కలిసి ఆలోచించడాన్ని నేర్పిన ఈ శిక్షణదేనని తరువాతి కాలంలో పలుమార్లు చెప్పాడు. ఆ ప్రమాదంలో 184 మంది బ్రతికి బయటపడ్డారు.

ఇతర రంగాలు

1994 జూలై 6న కొలరాడో రాష్ట్రంలోని సౌత్ కాన్యన్ అడవిమంటలలో 14 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. తరువాతి సంవత్సరాలలో అమెరికా అటవీ అగ్నిమాపక దళాలలో చర్యానంతర సమీక్ష నిత్యకృత్యమైంది. 2002లో ఇటువంటి అనుభవాలను సేకరించడానికి ఒక కేంద్రం కూడా ఏర్పడింది. రోజు పని ముగిశాక లారీ పక్కన నిలబడి పదిహేను నిమిషాలలో ముగించే సమీక్షలు ఇక్కడ ఎక్కువ.

వైద్యంలో మత్తుమందు నిపుణుడు డేవిడ్ గాబా 1990 ప్రాంతంలో విమానయాన శిక్షణను శస్త్రచికిత్స బృందాలకు అనువుగా మలచాడు. ఇక్కడ శిక్షకుడు తన అభిప్రాయాన్ని దాచుకొని నటించడం కన్నా, తాను చూసినదాన్ని, తన ఆందోళనను సూటిగా చెప్పి, "ఆ క్షణంలో మీ ఆలోచన ఏమిటి?" అని నిజమైన కుతూహలంతో అడగడం మేలని జెన్నీ రుడాల్ఫ్, ఆమె సహచరులు 2006లో సూచించారు.

తెలుగునాట బి.ఎడ్. చదివినవారికి ఇదే కుటుంబానికి చెందిన ఒక పద్ధతి సుపరిచితం. 1963 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన సూక్ష్మబోధనకు భారతదేశంలో స్థిరపడిన రూపం 36 నిమిషాలది: ఆరు నిమిషాల పాఠం, ఆరు నిమిషాల ఫీడ్‌బ్యాక్, పన్నెండు నిమిషాల పునఃప్రణాళిక, మళ్ళీ ఆరు నిమిషాల పాఠం, ఆరు నిమిషాల ఫీడ్‌బ్యాక్. తోటి విద్యార్థులే పిల్లలుగా, పరిశీలకులుగా కూర్చుంటారు. విన్న సలహాను అక్కడికక్కడే మళ్ళీ చేసి చూడడం దీని బలం. చర్యానంతర సమీక్షలు తరచుగా పోగొట్టుకొనేది ఈ భాగాన్నే.

శిక్షణ కాకపోయినా, శ్రీహరికోట నుండి 1979 ఆగస్టు 10న జరిగిన ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగాన్ని ఇక్కడ ప్రస్తావించవచ్చు. రాకెట్టు బంగాళాఖాతంలో పడిపోయింది. ఇస్రో అధిపతి సతీష్ ధావన్ పత్రికలవారి ముందు బాధ్యతను తాను తీసుకొన్నాడు. ప్రయోగానికి నాయకత్వం వహించిన అబ్దుల్ కలామ్, అతని బృందం వైఫల్యాన్ని విశ్లేషించి, రెండవ దశ నియంత్రణ వ్యవస్థలోని వాల్వు వద్ద ఆమ్లం కారిపోవడం కారణమని గుర్తించారు. 1980 జూలై 18న అదే బృందం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. బయటి నిందను పైవాడు భరించడం వలన లోపలి చర్చ కారణాల మీద నిలవగలిగింది.

పరిమితులు, విమర్శలు

సమీక్షలో చెప్పిన మాట తరువాత పదోన్నతికి అడ్డుపడుతుందన్న అనుమానం కలిగితే పద్ధతి మొత్తం కూలిపోతుంది. ఎమీ ఎడ్మండ్‌సన్ 1996లో ఆసుపత్రులలో మందుల పొరపాట్లపై ప్రచురించిన అధ్యయనంలో, మంచి నాయకత్వం ఉన్న బృందాలలోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్లు కనిపించింది. అవి ఎక్కువ తప్పులు చేయడం వలన కాదు, అక్కడి నర్సులు భయం లేకుండా చెప్పడం వలన అని ఆమె నిర్ధారణకు వచ్చింది. తప్పుల సంఖ్య తక్కువగా ఉన్న పట్టికను చూసి సంతోషించే అధికారులు ఈ అధ్యయనాన్ని చదవడం అవసరం.

మరొక చిక్కు ఫలితం తెలిసిన తరువాత కారణం స్పష్టంగా కనిపించడం. ఆ సమయంలో బృందానికి ఏమి తెలుసో, ఏమి తెలియదో విడదీయకపోతే సమీక్ష అన్యాయమైన తీర్పుగా మారుతుంది. తరచుగా జరిపితే సమీక్ష తంతుగా మారే ప్రమాదం కూడా ఉంది. నాలుగు ప్రశ్నలూ కాగితం మీద నింపి సంతకాలు తీసుకొనే చోట్ల అది మరొక ఫారం మాత్రమే.

అమెరికా సైన్యం 1985లో ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లో అనుభవ పాఠాల కేంద్రాన్ని స్థాపించింది. అయినా అవే లోపాలు ఏటేటా ఫోర్ట్ ఇర్విన్ సమీక్షలలో మళ్ళీ మళ్ళీ నమోదయ్యాయి. వచ్చిన దళం నేర్చుకొని వెళ్ళిపోతుంది, తరువాతి దళం కొత్తది, పాత దళంలోని అధికారులు కూడా బదిలీ అవుతారు. అందువలన గుర్తించిన పాఠాన్ని, నేర్చుకొన్న పాఠాన్ని వేరువేరుగా లెక్కించడం ఈ రంగంలో అలవాటైంది. కొన్ని అగ్నిమాపక, సైనిక బృందాలు కొత్త అభ్యాసాన్ని ప్రారంభించే ముందు గత సమీక్షలో తీసుకొన్న నిర్ణయాలను చదివి, వాటిలో ఎన్ని అమలయ్యాయో సభ్యులనే అడుగుతాయి.